కొత్త మాట – నేర్పే పద్ధతి

భాష నేర్చుకోవడంలో మొదటి మెట్టు మాటలు నేర్చుకోవడం. వ్యాకరణం కొంత తప్పినా, తగిన మాట దొరికితే భావం ఎదుటివారికి చేరుతుంది. మాటే దొరకనప్పుడు ఎంతటి వ్యాకరణ జ్ఞానమైనా అక్కరకు రాదు. మాతృభాషలో ఈ ఇబ్బంది అంతగా కనిపించదు. అమ్మ ఒడిలో, ఆటస్థలంలో, పండుగ పందిట్లో వేల మాటలు మనకు తెలియకుండానే మనవి అవుతాయి. రెండవ భాష విషయం వేరు. అక్కడ ప్రతి మాటనూ ఎవరో ఒకరు పరిచయం చేయాలి. ఆ పరిచయం ఎలా జరిగిందన్న దానిమీదనే ఆ మాట నిలవడమో, జారిపోవడమో ఆధారపడి ఉంటుంది.

పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇంటర్మీడియట్‌లో ఇంగ్లీషు మాధ్యమంలో చేరే విద్యార్థుల స్థితిని గమనిస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. మొక్కలు సూర్యకాంతి సహాయంతో ఆహారాన్ని తయారు చేసుకుంటాయని అటువంటి విద్యార్థికి తెలుసు. ‘కిరణజన్య సంయోగక్రియ’ అంటే రెండు పుటల సమాధానం రాయగలడు. ‘ఫోటోసింథసిస్’ అన్న మాట వినగానే మౌనం వహిస్తాడు. అతనికి లేనిది జ్ఞానం కాదు, మాట. ఈ తేడాను గుర్తించని తరగతిలో ఆ మౌనానికి మందబుద్ధి అనే పేరు వస్తుంది. కొంతకాలానికి విద్యార్థి కూడా ఆ పేరును నమ్మడం మొదలుపెడతాడు. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 విద్యాసంవత్సరం నుంచి 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించింది. ఇంట ఒక భాష, బడిలో మరొక భాష వినే పిల్లల సంఖ్య పెరిగినకొద్దీ, కొత్త మాటను ఎలా నేర్పాలన్న ప్రశ్న భాషాధ్యాపకుల పరిధిని దాటి అందరి ప్రశ్నగా మారింది.

మాట తెలియడమంటే ఏమిటి?

ఒక మాట తెలుసు అని చెప్పడం సులభం. నిజానికి ఆ తెలియడంలో మూడు అంశాలున్నాయి. మొదటిది రూపం: మాటను ఎలా పలకాలి, ఎలా రాయాలి. రెండవది అర్థం. మూడవది ప్రయోగం: ఆ మాట ఏ మాటల పక్కన, ఏ సందర్భంలో, ఏ మర్యాదతో వాడబడుతుంది.

తెలుగులో రాసినదే పలుకుతాం, పలికినదే రాస్తాం. అందువల్ల మనకు రూపం గురించిన చింత తక్కువ. ఇంగ్లీషులో అలా కాదు. కరవు అనే అర్థమిచ్చే ‘డ్రౌట్’ అన్న మాటలో ఏడు అక్షరాలుంటాయి. వాటిలో రెండు అసలు పలకవు. ఈ మాటను కంటితో మాత్రమే నేర్చుకున్న విద్యార్థి చెవితో విన్నప్పుడు గుర్తుపట్టలేడు. చెవితో మాత్రమే నేర్చుకున్నవాడు రాయలేడు.

ప్రయోగం మరింత సూక్ష్మమైనది. తెలుగులో సలహా ఒకటైతే ‘సలహా’, పది అయితే ‘సలహాలు’. ఇంగ్లీషులో ‘అడ్వైస్’ అన్న మాటకు ఈ అర్థంలో బహువచనం లేదు. అర్థం బాగా తెలిసినవారు కూడా ‘అడ్వైసెస్’ అని రాసి తప్పులో కాలు వేస్తారు. అలాగే మనం ‘భారీ వర్షం’ అన్నట్లు ఇంగ్లీషువారు వానకు ‘హెవీ’ అన్న విశేషణం చేరుస్తారు. చిక్కని టీకి మాత్రం ‘స్ట్రాంగ్’ అన్న మాట వాడతారు. ఏ మాటకు ఏ మాట తోడు అన్నది తర్కంతో తేలేది కాదు, వాడుకతో వచ్చేది. కాబట్టి మాటకు అర్థం చెప్పినంత మాత్రాన మాటను నేర్పినట్లు కాదు. అర్థం చెప్పడం పరిచయం మాత్రమే. స్నేహం తరువాత కుదరాలి.

పద్ధతులు మారిన తీరు

పరభాషా పదాలను నేర్పడంలో అతి ప్రాచీనమైనది అనువాద పద్ధతి. ఐరోపాలో గ్రీకు, లాటిన్ భాషలను ఈ పద్ధతిలోనే నేర్పారు. ఎడమవైపు పరభాషా పదం, కుడివైపు స్వభాషా పదం రాసి కంఠస్థం చేయించడం దీని సారం. మన దేశంలో ఇంగ్లీషు బోధన కూడా ఎక్కువగా ఈ దారిలోనే సాగింది. దీనివల్ల కాలం కలిసి వస్తుంది. అర్థం విషయంలో సందేహం మిగలదు. అయితే, పట్టికను అప్పజెప్పగలిగినవారు కూడా ఆ మాటలతో ఒక వాక్యం మాట్లాడలేకపోవడం దీనిలోని లోపం.

దీనికి ప్రతిగా 19వ శతాబ్దం చివరి దశాబ్దాలలో ప్రత్యక్ష పద్ధతి బలపడింది. మాక్సిమిలియన్ బెర్లిట్జ్ 1878లో అమెరికాలోని ప్రావిడెన్స్ నగరంలో స్థాపించిన పాఠశాల దీనికి పేరు తెచ్చింది. తరగతిలో మాతృభాష వినిపించకూడదు, వస్తువును చూపి, పనిని చేసి చూపి, కొత్త భాషలోనే అర్థం కలిగించాలి అన్నది ఈ పద్ధతి నియమం. పుస్తకాన్ని చూపి ‘బుక్’ అనడం, తలుపు తెరుస్తూ ‘ఓపెన్’ అనడం ఇటువంటివే. మాటకూ అర్థానికీ మధ్య మూడవ వ్యక్తి లేకుండా చేయడం దీని గొప్పతనం. అయితే పుస్తకాన్ని చూపవచ్చు, బాధ్యతను చూపడం ఎలా? న్యాయం, సందేహం, గౌరవం వంటి మాటల దగ్గర ఈ పద్ధతి తడబడుతుంది.

నిఘంటువు గాని, పాఠ్యపుస్తకం గాని లేని భాషను నేర్చుకోవలసి వస్తే ప్రత్యక్ష పద్ధతి తప్ప మార్గం లేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు వెంకటరామమూర్తి సవర భాషను అలాగే, ఆ భాష మాట్లాడేవారి నోటినుంచి విని నేర్చుకున్నారు. ఆ తరువాత సవర భాషకు వ్యాకరణాన్ని, నిఘంటువును సమకూర్చారు. అంతటితో ఆగక, సవర పిల్లలకు చదువు వారి సొంత భాషలో మొదలు కావాలని పాటుపడ్డారు. వినడం ద్వారా భాష నేర్చుకున్న మనిషే, బోధనలో మాతృభాషకు ఉన్న స్థానాన్ని నొక్కి చెప్పడం గమనించదగిన విషయం. ఈ రెండింటి మధ్య వైరం లేదని ఆయన కృషి చాటుతున్నది.

భారతదేశంలో ఇంగ్లీషు బోధనను లోతుగా పరిశీలించినవారిలో మైకేల్ వెస్ట్ ఒకరు. ఆయన అవిభక్త బెంగాల్‌లోని ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేశారు. 1926లో ద్విభాషిత్వంపై గ్రంథాన్ని వెలువరించారు. బెంగాలీ పిల్లలు చదివే ఇంగ్లీషు వాచకాలలో కొత్త మాటలు గుంపులు గుంపులుగా వచ్చి, మళ్లీ కనిపించకుండా పోతున్నాయని ఆయన గుర్తించారు. కొత్త మాటలు కొద్దికొద్దిగా రావాలి, వచ్చిన మాట మళ్లీ మళ్లీ ఎదురుకావాలి అన్న సూత్రంతో వాచకాలు రూపొందించారు. ఎలా నేర్పాలన్న ప్రశ్నకు ముందు ఏవి నేర్పాలన్న ప్రశ్న ఉన్నదని చూపడం ఆయన చేసిన మేలు.

ఏ మాటలు ముందు?

ఇంగ్లీషు నిఘంటువులలో లక్షల మాటలుంటాయి. అన్నీ నేర్చుకోవడం ఆ భాషలో పుట్టిపెరిగినవారికి కూడా సాధ్యం కాదు. అయితే ఆ మాటలన్నీ సమానంగా పని చేయవు. కొన్ని పేజీపేజీకీ కనిపిస్తాయి, కొన్ని ఏడాదికొకసారి తొంగిచూస్తాయి. ఈ దృష్టితో మైకేల్ వెస్ట్ 1953లో సుమారు 2000 మూలపదాల పట్టికను ప్రచురించారు. సాధారణ రచనలలో వచ్చే మాటలలో నాలుగింట మూడు వంతులకు పైగా ఈ పట్టికలోనివే. న్యూజిలాండ్‌కు చెందిన ఏవరిల్ కాక్స్‌హెడ్ 2000లో మరొక పట్టికను వెలువరించారు. పై 2000 పదాలలో చేరనివీ, అన్ని శాస్త్రాల పాఠ్యగ్రంథాలలోనూ తరచుగా వచ్చేవీ అయిన 570 పదకుటుంబాలు అందులో ఉన్నాయి. విశ్లేషణ, భావన, ఆధారం, మార్పు వంటి అర్థాలనిచ్చే మాటలివి. చదివేది భౌతికశాస్త్రమైనా, అర్థశాస్త్రమైనా కళాశాల విద్యార్థికి ఇవి కావలసిందే.

దీనినుంచి ఉపాధ్యాయుడు గ్రహించవలసినది స్పష్టం. పాఠంలో వచ్చిన ప్రతి కొత్త మాటకూ సమానమైన సమయం ఇవ్వనవసరం లేదు. తరచుగా వచ్చే మాటకు పది నిమిషాలు వెచ్చించవచ్చు. అరుదైన మాటకు తెలుగులో అర్థం చెప్పి ముందుకు సాగవచ్చు.

ఏ మాటకు ఏ పద్ధతి?

ఏ రోగానికి ఆ మందు అన్నట్లు, మాట స్వభావాన్ని బట్టి పద్ధతిని ఎన్నుకోవాలి.

కంటికి కనిపించే వస్తువులకు వస్తువే చాలు, లేదా బొమ్మ చాలు. చేసే పనులకు అభినయం తగినది. ఉపాధ్యాయుడు ఆజ్ఞ ఇస్తుండగా విద్యార్థులు ఆ పని చేసే విధానాన్ని 1960 దశకంలో జేమ్స్ ఆషర్ అనే మనోవిజ్ఞానవేత్త ప్రచారంలోకి తెచ్చారు. శరీరం కదిలినప్పుడు మాట బాగా నాటుకుంటుందని దీని ఆశయం.

విద్యార్థికి భావం ముందే తెలిసి, మాట మాత్రమే కొత్తదైనప్పుడు మాతృభాషను మించిన దగ్గరి దారి లేదు. ‘ఫోటోసింథసిస్’ను సైగలతో చూపబోవడం వృథాశ్రమ. ‘కిరణజన్య సంయోగక్రియ’ అన్న ఒక్క మాటతో విద్యార్థి తనకున్న జ్ఞానమంతటినీ కొత్త మాటకు అందించగలడు. బహుభాషిత్వాన్ని తరగతికి అడ్డంకిగా కాక సంపదగా భావించాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం కూడా సూచించింది.

రెండు భాషలు లోకాన్ని వేర్వేరుగా పంచుకున్న చోట మాత్రం అనువాదం ఒక్కటే చాలదు. తెలుగులో బాబాయి వేరు, మామయ్య వేరు, పెదనాన్న వేరు. ఇంగ్లీషులో ముగ్గురూ ‘అంకుల్’ అవుతారు. డబ్బు తీసుకుంటే మనకు అప్పు, వస్తువు తీసుకుంటే ఎరువు. ఇంగ్లీషులో రెండింటికీ ‘బారో’ అన్న ఒకే క్రియ చాలు. ఇటువంటి చోట్ల తెలుగు అర్థం చెప్పి, వెంటనే రెండు మూడు ఉదాహరణ వాక్యాలతో హద్దులు చూపాలి.

తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషు మాటల విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. అవి తెలిసినవే అనుకుంటాం. కాని మన దగ్గరికి వచ్చేటప్పుడు అవి తమ అర్థాలన్నిటినీ వెంట తెచ్చుకోలేదు. తెలుగువారికి ‘హోటల్’ భోజనం చేసే చోటు, ఇంగ్లీషులో ప్రధానంగా బస చేసే చోటు. మనకు ‘కరెంటు’ అంటే విద్యుత్తు. ఇంగ్లీషులో అది నీటి ప్రవాహం కూడా, ‘ప్రస్తుత’ అన్న విశేషణం కూడా.

కొన్ని మాటలను విడదీసి నేర్పవచ్చు. ఆహారం, విహారం, సంహారం, పరిహారం అన్న మాటలలో ఉపసర్గ మారగానే అర్థం మారడం తెలుగు విద్యార్థికి తెలుసు. ఇంగ్లీషులో ‘అన్’ చేరితే వ్యతిరేకార్థం, ‘రీ’ చేరితే ‘మళ్లీ’ అన్న అర్థం రావడం ఇటువంటిదే. ఒక ఉపసర్గ తెలిస్తే పదుల కొద్దీ మాటల తలుపులు తెరుచుకుంటాయి.

జ్ఞాపకానికి కొండగుర్తు పెట్టుకోవడం మరొక విధానం. 1975లో రిచర్డ్ అట్కిన్సన్ అనే మనోవిజ్ఞానవేత్త దీనిని పరిశోధనలతో సమర్థించారు. పరభాషా పదాన్ని పోలిన ధ్వని గల స్వభాషా పదాన్ని పట్టుకొని, రెండింటినీ కలిపే చిత్రాన్ని మనసులో ఊహించుకోవడం దీని పద్ధతి. వంకీలు తిరగడం అన్న అర్థంగల ‘కర్ల్’ అనే మాటకు తెలుగులోని ‘కురులు’ చక్కని కొండగుర్తు. వంకీలు తిరిగిన కురులను ఊహించుకుంటే మాట మరపురాదు. రెండు మాటలకూ చుట్టరికం ఉన్నదని మాత్రం భ్రమపడరాదు. ఇది జ్ఞాపకానికి ఊతం మాత్రమే.

సందర్భాన్ని బట్టి అర్థాన్ని ఊహించడం ఎంతో విలువైన అలవాటు. అయితే అది అందరికీ, అన్నివేళలా పనికిరాదు. చుట్టూ ఉన్న మాటలు తెలిసినప్పుడే నడుమ ఉన్న తెలియని మాటను ఊహించగలం. ఎవరి సహాయమూ లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలని 2000లో ప్రచురితమైన ఒక పరిశోధన సూచించింది. పది మాటలలో నాలుగు తెలియని విద్యార్థిని ‘ఊహించు’ అనడం ఈత రానివానిని నడిఏటిలో దింపడమే.

ఒక పాఠం – ఎనిమిది మాటలు

ఈ సూత్రాలు ఆచరణలో ఎలా ఉంటాయో చూద్దాం. ఒక గ్రామంలోని చెరువు ఎండిపోవడం గురించిన ఇంగ్లీషు పాఠంలో ఎనిమిది కొత్త మాటలున్నాయనుకుందాం: పోర్, ట్యాంక్, ఎవాపరేషన్, డ్రౌట్, స్కేర్సిటీ, బారో, నెవర్‌దలెస్, స్లూయిస్. తరగతి సమయం 45 నిమిషాలు.

‘పోర్’ అంటే ఒంపడం. చెంబులోని నీళ్లు గ్లాసులో పోసి చూపితే చాలు. ‘ట్యాంక్’ మోసపుచ్చే మాట. విద్యార్థికి తెలిసినది మేడమీది నీళ్ల ట్యాంకు. ఈ పాఠంలో అది ఊరి చెరువు. ఆ తేడాను ముందే చెప్పకపోతే పాఠమంతా తప్పుదారి పడుతుంది. ‘ఎవాపరేషన్’ విజ్ఞానశాస్త్రంలో చదివినదే. ‘బాష్పీభవనం’ అంటే సరిపోతుంది. ‘డ్రౌట్’కు తెలుగు అర్థం ఒక్క మాటలో చెప్పి, ఉచ్చారణపైన, రాతపైన దృష్టి పెట్టాలి. ‘స్కేర్సిటీ’ అమూర్తమైనది, పైగా అర్థశాస్త్రంలోనూ వచ్చేది. దీనికి ‘కొరత’ అని అర్థం చెప్పి, నీటి కొరత, ఆహారపు కొరత వంటి ఉదాహరణలు విద్యార్థులచేతనే చెప్పించాలి. ‘బారో’కు అప్పు, ఎరువు రెండింటి ఉదాహరణలూ ఇవ్వాలి. దానికి ప్రతిగా ఉండే ‘లెండ్’ అన్న మాటను మాత్రం అదే రోజు నేర్పకపోవడం మంచిది. దగ్గరి అర్థం గల రెండు కొత్త మాటలు ఒకేసారి వస్తే విద్యార్థి వాటిని తారుమారు చేసుకుంటాడు. ఒకటి స్థిరపడిన తరువాతనే రెండవది రావాలి. ‘నెవర్‌దలెస్’ వాక్యాలను కలిపే మాట. దానిని విడిగా నేర్పి లాభం లేదు. ‘వానలు కురవలేదు, అయినప్పటికీ రైతులు విత్తనాలు చల్లారు’ వంటి జంటవాక్యాలలోనే దాని పని తెలుస్తుంది. చివరిది ‘స్లూయిస్’. అంటే తూము. ఇంగ్లీషు పాఠాలలో మళ్లీ ఎప్పుడో గాని రాదు. అర్థం చెప్పి వదిలేయవచ్చు.

ఒకే పాఠంలో ఇన్ని పద్ధతులు అవసరమయ్యాయి. ఎనిమిది మాటలనూ నల్లబల్లపై రాసి, ఎదురుగా అర్థాలు రాసి, పదిసార్లు చూచిరాతకు ఇచ్చినట్లయితే శ్రమ మిగిలేది, ఫలితం మిగిలేది కాదు.

మరపును జయించడం

బాగా నేర్పిన మాట కూడా మరపునకు లోనవుతుంది. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల కూర్పులను తానే కంఠస్థం చేసి, ఎంతకాలానికి ఎంత మరచిపోతున్నాడో లెక్కగట్టి, ఆ ఫలితాలను 1885లో ప్రకటించాడు. నేర్చుకున్న వెంటనే మరపు అతివేగంగా సాగుతుందని, తరువాత నెమ్మదిస్తుందని తేలింది. కనుక ఒక మాటను ఒకే రోజు పదిసార్లు చదవడం కన్నా, ఆ సాయంత్రం ఒకసారి, మరునాడు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి గుర్తుచేసుకోవడం మేలు.

గుర్తుచేసుకోవడం వేరు, తిరిగి చదవడం వేరు. చూసి చదివినప్పుడు మాట తెలిసినట్లే అనిపిస్తుంది. మూసి తలచుకున్నప్పుడే తెలుసో లేదో తేలుతుంది. సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారం చేసిన చీటీల పెట్టె ఈ సూత్రాన్ని అందరికీ అందుబాటులోకి తెచ్చింది. చీటీకి ఒకవైపు కొత్త మాట, రెండవవైపు అర్థం, ఒక ఉదాహరణ వాక్యం రాసుకోవాలి. గుర్తున్న చీటీ తరువాతి అరకు వెళుతుంది, ఆలస్యంగా మళ్లీ వస్తుంది. మరచిన చీటీ మొదటి అరకు తిరిగివస్తుంది, త్వరగా కనిపిస్తుంది. పాత నోటుపుస్తకపు కాగితాలతో, ఖాళీ అట్టపెట్టెతో ఏ విద్యార్థి అయినా దీనిని తయారు చేసుకోవచ్చు.

ఎన్నుకునే వివేకం

హైదరాబాదులో 1958లో ప్రారంభమైన కేంద్రీయ ఆంగ్ల సంస్థ వంటి వేదికలు మన దేశంలో ఇంగ్లీషు బోధనపై దశాబ్దాల తరబడి ఆలోచన సాగించాయి. 2007లో ఆ సంస్థ కేంద్ర విశ్వవిద్యాలయంగా రూపొందింది. 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారత పాఠశాలల్లో సాగిన బెంగళూరు ప్రయోగం ప్రపంచ దృష్టిని ఆకర్షించింది. దానికి నాయకత్వం వహించిన ఎన్.ఎస్. ప్రభు 1990లో రాసిన ఒక వ్యాసంలో, అన్నిటికన్నా ఉత్తమమైన బోధన పద్ధతి అంటూ ఏదీ ఎందుకు లేదో చర్చించారు. తాను చేస్తున్నది ఎందుకు ఫలిస్తుందో ఉపాధ్యాయునికి నమ్మకం, అవగాహన ఉండాలని, అవి లేని పద్ధతి యాంత్రికం అవుతుందని ఆయన అభిప్రాయం.

అలాగని ఏ పద్ధతి అయినా ఒకటే అని భావించరాదు. ఉపాధ్యాయుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ మాట విద్యార్థికి మళ్లీ మళ్లీ ఎదురవుతుందా? దీని భావం అతనికి ముందే తెలుసా? అతడు దీనిని గుర్తిస్తే చాలా, స్వయంగా వాడవలసి ఉన్నదా? రెండు భాషలలో దీని హద్దులు ఒకటేనా? వీటికి వచ్చే సమాధానాలే పద్ధతిని నిర్ణయిస్తాయి. ఈ ప్రశ్నలు విద్యార్థి కూడా వేసుకోదగినవే. తరగతి గది కొద్ది గంటలు మాత్రమే తోడుంటుంది. ఆ తరువాత కొత్త మాటలను ఎంచుకొని, దాచుకొని, వాడుకోవలసినవాడు విద్యార్థే.

మాట రానంతమాత్రాన మనిషికి తెలివి లేదనుకోవడం అన్యాయం. తెలిసిన విషయాన్ని చెప్పడానికి మాట అందివ్వడమే భాషాబోధన పరమార్థం. కిరణజన్య సంయోగక్రియ తెలిసిన విద్యార్థి ‘ఫోటోసింథసిస్’ అన్న మాట విన్నప్పుడు తలదించుకోకుండా లేచి నిలబడి సమాధానం చెప్పగలిగిన రోజున, ఎన్నుకున్న పద్ధతి సరైనదని తేలుతుంది.